వల మీద ఆరిన ఫ్లాపీ

1997 జూన్ 11, బుధవారం. రేపల్లెలో ఒక మత్స్యకారుల సహకార సంఘం ఆఫీసు. హాజరైనవారు: సంఘం అధ్యక్షులు వీరాస్వామి గారు, కంప్యూటర్ ఆపరేటర్ సువార్త, అటెండర్ పోలయ్య, నేను.

అప్పట్లో నేను తెనాలిలో ఒక కంప్యూటర్ సర్వీసు కంపెనీలో సీనియర్ కస్టమర్ ఇంజనీరును. హోదా పేరు పెద్దదే గాని, పని మాత్రం సామాన్ల సంచీ భుజాన వేసుకుని రేపల్లె, బాపట్ల మధ్య తిరగడం. ఆ రోజు పని, సంఘం వారి పాత 486 కంప్యూటర్‌లో ఎన్‌టి అనే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం. పడవలకు డీజిల్ కూపన్లు అచ్చువేసే కొత్త ప్రోగ్రామ్ దాని మీదే నడుస్తుంది. మర్నాడు పొద్దున్నే కూపన్లు పంచాలి. చేత్తో రాసినవి ఇక తీసుకోమని బంకువారు ముందే చెప్పేశారు.

ఆ ప్రోగ్రామ్ కొనమని కమిటీని ఒప్పించింది సువార్త. లూథరన్ బడిలో పనిచేసే టీచరు గారి అమ్మాయి, సంఘంలో తాత్కాలిక ఉద్యోగి. వీరాస్వామి గారు నా ఎదుటే ఆమెతో అన్నారు: "రేపు కూపన్లు రాకపోతే ఈ పెట్టె మూలన పడుద్దమ్మాయ్. పెట్టె మూలనుంటే ఆపరేటరుతో మాకు పనేముంది?"

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. పాత లెక్కలన్నీ ఫ్లాపీల్లోకి నకలు తీసి నా ముందు పెట్టింది. అవి తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటి చూసుకున్నాకే పని మొదలుపెట్టాను.

కాసేపటికి తెర మీద ఒక సందేశం వచ్చింది. కంప్యూటర్‌లో హార్డ్ డిస్కే లేదట. డిస్కు ఉంది, పొద్దుటి దాకా పనిచేసింది కూడా. సంగతేమిటంటే, అది స్కజీ అనే రకం డిస్కు. కంప్యూటర్ లోపల బిగించిన ఒక ప్రత్యేక కార్డు ద్వారా నడుస్తుంది. పాత సిస్టమ్ ఆ కార్డు మీది చిప్ సాయంతో నెట్టుకొచ్చేది. ఎన్‌టికి అది చాలదు. ఆ కార్డు కోసం రాసిన డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను విడిగా ఫ్లాపీలో అందించాలి.

"ఎదురుగా ఉన్న డిస్కు కనపడదంటే, మీ కొత్త సిస్టమ్‌కి కళ్లజోడు పెట్టించాలా ఏంటి సార్?" అన్నారు వీరాస్వామి గారు.

"ఆ కళ్లజోడు కార్డుతో పాటు వచ్చిన ఫ్లాపీలో ఉంటుందండి. అదెక్కడుంది?" అన్నాను.

సువార్త బీరువాలోంచి ఒక డబ్బా తెచ్చింది. అందులో ఉన్న ఫ్లాపీని తీసి అటూ ఇటూ తిప్పి చూశాను. పైనుండే ప్లాస్టిక్ అట్ట ఒకవైపు వంగింది. ఇనప రేకు తుప్పు పట్టింది. లేబుల్ లేనే లేదు.

పోలయ్య ముందుకొచ్చాడు. "పోయినేడు వానకి బీరువా మీద కారిందండి. బురదనీళ్లు. మంచినీళ్లతో శుభ్రంగా కడిగి, డాబా మీద పాత వలేసి దాని మీద ఆరబెట్టా. తడిసింది ఎండకెయ్యకపోతే బూజు పట్టుద్ది కదండీ."

"ఉప్పు కూడా చల్లకపోయావా బాబాయ్, ఏడాదంతా నిలవుండేది," అంది సువార్త. ఆ పూట ఆమె నవ్వింది అప్పుడే.

ఆ రోజుల్లో డ్రైవర్ కావాలంటే ఇంటర్నెట్‌లో వెతుక్కునే వీలు మా ఊళ్లలో లేదు. ఎస్‌టీడీ బూత్ నుంచి బాపట్లలో నాకు తెలిసిన కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జికి ఫోన్ చేశాను. అదే కార్డు ఆయన దగ్గరా ఉంది, ఫ్లాపీ కూడా ఉంది. కాని అది మరీ పాత వెర్షన్. ఎన్‌టి డ్రైవర్ అందులో లేదన్నాడు. సంఘం వారి కార్డు ఆ తర్వాత కొన్నది కనుక, ఇక మిగిలింది దానితో వచ్చి వల మీద ఆరిన ఫ్లాపీ ఒక్కటే.

అట్ట వంగినంత మాత్రాన ఫ్లాపీ చెడినట్టు కాదు. సమాచారం ఉండేది లోపలి పల్చటి బిళ్ల మీద. ఆ బిళ్ల బాగుంటే మరో ఫ్లాపీ అట్టలోకి మార్చవచ్చు. ఇది ఏ మాన్యువల్లోనూ లేని పని. అంతకుముందు ఒకటి రెండుసార్లు చేసి ఉన్నాను. సువార్త ఇచ్చిన పిన్నీసుతో దాని అట్ట, ఒక కొత్త ఫ్లాపీ అట్ట, రెండింటి అంచులూ విప్పాను. బిళ్ల మీద నీళ్లు ఆరిన సన్నటి మరకలున్నాయి, గీత మాత్రం ఒక్కటీ లేదు. పోలయ్య కడగడం నిజంగానే శుభ్రంగా కడిగాడు. ఫ్లాపీని చదివే హెడ్లు తుడిచే స్పిరిట్‌తో మెల్లగా తుడిచి, బిళ్లను కొత్త అట్టలో పెట్టి మూశాను.

పాత సిస్టమ్ ఇంకా చెక్కుచెదరలేదు కనుక మళ్లీ దాన్నే తెరిచి, ముందుగా ఆ ఫ్లాపీకి నకలు తీయబోయాను. ఫ్లాపీ డ్రైవు గరగరలాడి, చదవలేనంది. మళ్లీ ప్రయత్నించమన్నాను. సువార్త కుర్చీ వెనక నిలబడి పెదవులు కదుపుతోంది, ప్రార్థన అనుకుంటాను. ఈసారి చదివింది. నకలు ఫ్లాపీతో ఎన్‌టిని మళ్లీ మొదలుపెట్టి, డ్రైవర్ విడిగా ఇస్తానని తెలిపే మీట నొక్కాను. కార్డు పేరు తెర మీదికొచ్చింది. దాని వెనకే డిస్కు కూడా.

"కనపడిందా?" అన్నారు వీరాస్వామి గారు.

"కనపడిందండి," అంది సువార్త, నాకంటే ముందు.

కొత్త ప్రోగ్రామ్ కూడా ఎక్కించి, సాయంత్రం బండికి తెనాలి వెళ్లిపోయాను.

మర్నాడు పొద్దున మొదటి బండికే మళ్లీ వచ్చాను. అప్పటికే గుమ్మం ముందు పడవలవాళ్లు గుంపుగా ఉన్నారు. ప్రింటర్ కూపన్లు అచ్చువేస్తుంటే పోలయ్య చింపి అందిస్తున్నాడు. వీరాస్వామి గారు ఒక కూపన్‌ను వెలుగుకు పెట్టి చూసి, "అమ్మాయ్, వచ్చే కమిటీలో నీ ఉద్యోగం పర్మినెంటుకు పెడతా. ఈలోగా ఆ బీరువా కొంచెం పక్కకు జరిపించు," అన్నారు.

ఫ్లాపీలు తడవనీయకూడదని మేం ప్రతి ఆఫీసులోనూ చెప్పేవాళ్లం. తడిస్తే ఏం చేయాలో ఎక్కడా చెప్పలేదు. చెప్పని చోట మనుషులు తమకు తెలిసిన పనే చేస్తారు. ఆ పొద్దున రేపల్లె వదిలే ముందు, తడిసిన ఫ్లాపీని ఏం చేయాలో, ఎలా నీడలో ఆరబెట్టాలో పోలయ్యకు చేసి చూపించాను. డ్రైవర్ ఫ్లాపీకి ఇంకో నకలు తీసి తెనాలి ఆఫీసులో దాచడానికి సంచీలో వేసుకున్నాను. ఆ తర్వాత నేను వెళ్లిన ప్రతి చోటా ఈ రెండు పనులూ చేశాను.