వేట రోజుల మోతాదు

మొన్న డాక్టరమ్మ దగ్గరకు వెళితే, పరగడుపున షుగర్ ఎక్కువగా ఉంటోందని, రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచమన్నారు. అది నిదానంగా పనిచేసే రకం, రాత్రంతా ఒంట్లో ఉండి తెల్లవారాక కూడా కాపలా కాస్తుంది. సరేనని తలూపి అరసవల్లిలోని మా ఇంటికొచ్చేశాను గానీ, ఇన్సులిన్ పెన్ను మీద అంకె తిప్పబోయేసరికి చెయ్యి ఆగిపోయింది. మన వయసు వాళ్ళలో ఈ జబ్బుతో పరిచయం లేనివాళ్ళు తక్కువ కనుక, ఎందుకాగిందో చెబితే మీకు అర్థమవుతుంది.

మాది భావనపాడు, సముద్రాన్ని నమ్ముకుని బతికిన ఇల్లు. అందులో చదువుకుని పంతులమ్మనైంది నేనొక్కదాన్నే, అన్న మాత్రం నాన్న వెనకాలే పడవెక్కాడు. నడివయసు దాటాక అన్నకు షుగర్ వచ్చి, మాత్రలకు లొంగకపోవడంతో డాక్టరు రాత్రిపూట ఇన్సులిన్ మొదలుపెట్టారు. సూది వేసే పని వదినది. వదినంటే మా మేనమామ కూతురే, చేపల గంప నెత్తినెత్తుకుని ఊళ్ళన్నీ తిరిగి ఎవరితోనైనా పోట్లాడగల మనిషి, ఆ సన్నటి సూది పట్టుకున్నప్పుడు మాత్రం మొదట్లో ఊపిరి బిగబట్టేది.

ఆ వేసవిలో వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు పడవలన్నీ ఒడ్డున పెట్టేస్తారు కదా, ఆ రెండు నెలలూ అన్నకు చిరిగిన వలలు కుట్టుకోవడం, పేకాడుకోవడం, వేళకు తినడం తప్ప వేరే శ్రమ లేదు. పొద్దుటి షుగర్ పెరిగిపోయింది. ఏం పని చేస్తున్నావని డాక్టరు అడిగితే, "పనేటీ లేదండి, ఇంటికాడే ఉంతన్నాను" అన్నాడట. ఆ మాట నిజమే కదా! దాన్నిబట్టే ఆయన మోతాదు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వెళ్ళారు, పొద్దుటి అంకె దారికొచ్చింది, వదిన మొహం తేటపడింది. అది ఒడ్డున కూర్చున్న మనిషికి సరిపడే మోతాదు అనీ, నీళ్ళ మీద వల లాగే మనిషికి కాదనీ మాలో ఒక్కరికీ తట్టలేదు.

నిషేధం ఎత్తేసిన రోజున గంగమ్మతల్లికి కొబ్బరికాయ కొట్టి, బెల్లం పంచి పడవ దించుతారు. తొలి వల లాగేదాకా పడవెక్కేవాళ్ళెవరూ ఏమీ తినకూడదన్నది మా ఇంటి పట్టు, ప్రసాదం కూడా తుండుగుడ్డలో మూటకట్టి పట్టుకెళ్ళవలసిందే. ముందురోజు రాత్రి ఎప్పటిలా సూది పడింది, తెల్లవారుతూనే అన్న ఖాళీ కడుపుతో వెళ్ళాడు. బడికి సెలవు పెట్టి వచ్చిన నేను వదినతోపాటు ఒడ్డున నిలబడి పంపించాను.

సముద్రం మీద జరిగింది తరువాత అదే పడవలో వెళ్ళిన మా చిన్నాన్న కొడుకులు చెప్పారు. వల సగం పైకొచ్చేసరికి అన్న ఒళ్ళు వణకడం మొదలైందట, ఏదేదో మాట్లాడుతూ పడవ అంచు మీదికి కాలు ఎత్తాడట. పట్టుకుని కూర్చోబెట్టారు గానీ, తొలివేట నాడు అలా ఊగిపోయే మనిషిని చూసి వాళ్ళకు ఒకటే తోచింది, అమ్మవారు పూనిందని. దండాలు పెట్టారు, ఏం కావాలమ్మా అని అడిగారు. తల్లిని శాంతింపజేయడానికి మూటలోని బెల్లం విప్పి నోట్లో పెడితే నమిలి మింగాడట, కాసేపటికి చూపు కుదుటపడిందట.

వేళ కాకుండానే తిరిగొచ్చిన పడవను చూసి మేమిద్దరం నీటి అంచుకు పరుగెత్తాం. అమ్మవారు పూనిందని జనం దండాలు పెడుతుంటే వదిన వాళ్ళను తోసుకుని వెళ్ళి అన్న మెడ మీద చెయ్యి వేసి చూసింది. "తల్లి పూనితే ఒల్లు కాగుతాది గానీ ఇలా సల్లబడిపోతాదేటి? ఇది సూదిమందే" అని ఆటో ఎక్కించింది. నిజమే, షుగర్ ప్రాణం మీదికొచ్చేటంత పడిపోయిందన్నారు డాక్టరు. ఆ బెల్లమే లేకపోతే అన్న ఆ పూట సముద్రంలో కలిసిపోయేవాడే.

అప్పటినుంచి డాక్టరు వేట రోజులకు ఒక మోతాదు, ఒడ్డున ఉండే రోజులకు ఒకటి విడదీశారు, తినకుండా పడవెక్కవద్దన్నారు. మరుసటేడు తొలివేట నాడు అన్న మా ఇంటి పట్టును గుర్తుచేస్తే, వదిన రాగిపిండితో కాచిన చోడి అంబలి గిన్నె చేతిలో పెట్టి, "తల్లికి నేను సెప్పుకుంతాను, నువ్వు తాగు బావా" అంది. ఆ తరువాత అన్న వేట మానేదాకా, సూది చేతిలోకి తీసుకున్న ప్రతి రాత్రీ వదిన అడిగే మాట ఒక్కటే: "రేపు ఏటకెల్తావా, ఇంటికాడుంతావా?"

ఇద్దరూ పోయారు. ఇప్పుడు చేతికి చిన్న సెన్సర్ బిళ్ళ అంటించుకుంటే నిద్రలో షుగర్ ఎంతుందో కూడా ఫోను చెబుతుంది, నా అంకెలన్నీ డాక్టరమ్మకు వెళ్ళిపోతాయి. మంచి మనిషే, అన్నీ చూస్తుంది. రేపు నీకేం పని అని మాత్రం అడిగేవాళ్ళు లేరు. అడిగినా ఏం చెబుతాను? బడిలో రిటైరయ్యాక నాకు ఏడాది పొడుగునా వేట నిషేధమే. ఆ రాత్రి పెన్ను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. చివరికి "ఇంటికాడే ఉంతాను వదినా" అని పైకే అని, రెండు యూనిట్లు పెంచి వేసుకున్నాను.