పేర్లమ్మ పెట్టిన పేరు

ఆఫీసులో ఆమెను అందరూ పేర్లమ్మ అనేవారు. ఆమె ఉద్యోగమే పేర్లు పెట్టడం. మోకాళ్ళ నొప్పుల మందుకు, నేల తుడిచే ద్రావకానికి, పిల్లుల తిండికి, ఎవరు ఏ సరుకు తెచ్చినా దానికో పేరు చూసిపెట్టాలి. మొదట్లో బస్సులో కూర్చుని అక్షరాలు అటూ ఇటూ మారుస్తూ తనలో తానే నవ్వుకునేది. యాభై దాటాక ఆ సరదా ఎటు పోయిందో పోయింది. కొత్త సరుకు వచ్చిందంటే చాలు, ఆరిన బట్టలు మళ్ళీ వానలో తడిసినంత నీరసం ముంచుకొచ్చేది.

క్రీముల ఆవిడ వచ్చింది అలాంటి రోజుల్లోనే. ఇంటి వెనక షెడ్డులో బాదం నూనె, తేనెమైనం, కలబంద గుజ్జు కలిపి ఆవిడ క్రీములు చేస్తుంది. ఊళ్ళో బాగానే పోతున్నాయి. విదేశాల్లో అమ్మిపెడతానని ఒక వ్యాపారి ముందుకొచ్చాడు. చిక్కల్లా పేరుతోనే. వాళ్ళాయన ముచ్చటపడి పెట్టిన పేరు సహజసౌందర్యసుధ.

“ఆ వ్యాపారి చదవడం మొదలుపెట్టి సగంలో దిగిపోయాడండీ,” అంది ఆవిడ. “ఎక్కడివాళ్ళకైనా నోరు తిరగాలట. ఏ భాషలోనూ బూతు కాకూడదట.”

చెప్తూ ఆవిడ నవ్వలేదు. పొద్దస్తమానం గిన్నెలు కడిగీ కడిగీ ఆవిడ వేళ్ళు పగిలి ఉన్నాయి. పేర్లమ్మకు ఆ చేతులు చూశాక కాదనబుద్ధి కాలేదు.

పని మొదలైంది. పేర్లమ్మ రాసిన పేర్లను మేనేజరు నాలుగు దేశాల మనుషులకు పంపేవాడు. తలూనా అంటే తమ దగ్గర చీమిడికి ముద్దుపేరని ఒకరు రాశారు. ఒరిమా అంటే మా అత్తగారి ఊరు, నేను కొనను అని ఇంకొకరు. అన్ని గండాలూ గట్టెక్కిన పేరు దొరికితే దాన్ని ఎవరో ఎప్పుడో రిజిస్టరు చేసుకుని ఉండేవారు. వారాలు గడిచాయి. పేర్లమ్మకు అక్షరాలంటేనే వెగటు పుట్టింది. గోడ మీద బోర్డులు చదవకుండా తల వంచుకుని నడిచేది.

ఇంట్లో ఇంకో పని ఉండేది. ఆమె అన్నా వదినల దగ్గరే ఉంటోంది. అన్నయ్య సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన కేక వేస్తే నిద్రలో ఉన్నవాళ్ళు కూడా లేచి కిటికీలోంచి చూసేవారు. పక్షవాతం వచ్చి కుడిచేత్తో పాటు ఆ మాటనూ పట్టుకుపోయింది. పెదాలు కలిసే చిన్న మాటలు రోజూ పలికించమని డాక్టరు చెప్పింది. అమ్మ, బొమ్మ, పాప అనమంటే అన్నయ్య తల తిప్పేసుకున్నాడు. బస్సెడు జనాన్ని అదిలించిన మనిషికి బొమ్మ అనమంటే నామోషీ కాదూ మరి.

అందుకని పేర్లమ్మ ఒక సాయంత్రం ఆఫీసు కాగితాలు పట్టుకుని ఆయన పక్కన కూర్చుంది.

“అన్నయ్యా, ఇది నా పని. ఈ పేర్లు నోటికి సులువుగా వస్తాయో లేదో చూడాలి. కాస్త సాయం చెయ్యవూ.”

అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. అన్నయ్య ఆమె వంక అనుమానంగా చూసి, సరేనన్నట్టు గడ్డం ఎగరేశాడు.

కొన్ని పేర్లు ఆయన నోట్లో నురగలా చెదిరిపోయేవి. కొన్నిటికి చిరాకుపడి కాగితం పక్కకు తోసేసేవాడు. పొలమీరా అనే పేరు దగ్గర మాత్రం పట్టుదలకు పోయాడు. మెడ నరాలు బిగిశాయి.

“పో... మీ,” అన్నాడు.

వంటింట్లోంచి వదిన తొంగిచూసింది. “ఎవర్నండీ పొమ్మంటున్నారు? ఒక్క మాట వచ్చీరాగానే పొమ్మనడమేనా?”

అన్నయ్య ఒక క్షణం తెల్లబోయాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. జబ్బు చేశాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. వదిన గరిటె పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది. “పోమీ” అని ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి కావాలనే, ఆమెను చూపిస్తూ.

పేర్లమ్మ ఆ పోమీనే ఒక పేరుగా రాసి మిగతావాటి మధ్యలో ఇరికించి పంపింది. ఎవరూ వంక పెట్టలేదు. ఎవరూ రిజిస్టరు చేసుకోలేదు. క్రీముల ఆవిడ రెండుసార్లు అనుకుని చూసి, “హమ్మయ్య, ఇంక వెతకొద్దండీ,” అని కుర్చీలో వెనక్కి వాలింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. మేనేజరుకు కథ కావాల్సి వచ్చింది. పెట్టె మీద పేరు వెనక కథ ఉంటే సరుకు బాగా పోతుందట. ఎలా తట్టిందని గుచ్చిగుచ్చి అడిగితే అలసటలో పేర్లమ్మ నోరు జారింది. అతని కళ్ళు మెరిశాయి.

“మేడమ్, ఇంతకన్నా ఏం కావాలి? మీ అన్నయ్యగారిది ఒక్క ఫోటో, చిన్న వీడియో. చూసినవాళ్ళు ఏడ్చేస్తారు.”

“ఆయన్ని అడగాలి సార్,” అంది. చెప్పినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. అన్నయ్య శ్రద్ధగా విన్నాడు. తర్వాత ఎడంచెయ్యి చాపి, వేళ్ళు ఆడిస్తూ టికెట్టు డబ్బులు తియ్యమన్నట్టు సైగ చేశాడు. ఆమె నవ్వబోయింది. ఈలోగా ఆయన మొహంలో సరదా పోయింది. వంకర తిరిగిన పెదవిని వేలితో చూపించి అడ్డంగా తల ఊపాడు. పేరు మాటేమిటని అడిగితే, తీసుకుపొమ్మన్నట్టు చెయ్యి విసిరాడు.

మర్నాడు మేనేజరుకు ఆమె రెండు ముక్కల్లో చెప్పింది. “ఫోటో లేదు, వీడియో లేదు సార్. పేరు వాడుకోండి.”

“కొంచెం నచ్చచెప్పి చూడండి మేడమ్.”

“ఆయన వద్దన్నాడు. నేనూ వద్దంటున్నాను.”

మేనేజరు మొహం ముడుచుకున్నాడు. చివరికి పోమీ అంటే ఏదో పాతకాలపు భాషలో మంచుకు తడిసిన పూరేకు అని తనే కల్పించి రాశాడు. దాన్ని తప్పుల్లేకుండా దిద్దే పని పేర్లమ్మ మీదే పడింది. దిద్ది ఇచ్చేసింది. పోట్లాడే ఓపిక ఆమెకు మిగల్లేదు.

క్రీముల ఆవిడకు మాత్రం అసలు సంగతి చెప్పింది. ఆవిడ పెట్టెను తిప్పి వెనకున్నది ఇంకోసారి చదివింది. “ఆ పెట్టె మీది రాత తీయించేస్తాను,” అంది. తీయించింది కూడా, రెండో సారి అచ్చు వేసినప్పుడు. కథ లేకుండానే సరుకు ఓ మాదిరిగా పోతోంది.

అన్నయ్యకు ఇప్పుడు చిన్న మాటలు కొన్ని వస్తున్నాయి, పెద్దవి రావడం లేదు. రావేమోనని డాక్టరు వదినతో విడిగా చెప్పింది. పేర్లమ్మ చేతికి ఈ వారం పరుపుల కంపెనీ వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అన్నయ్య పక్కన కూర్చుంది. మూడు పేర్లు కాగానే ఆయన కళ్ళు మూసుకుని “చాలు” అన్నాడు. ఆమెకూ అదే అనిపించింది. కాగితాలు మడిచి, కాళ్ళు చాపుకుని, వదిన పిలిచేదాకా అలాగే కూర్చుంది.