పదకొండు సెకన్ల తొందర

ఏప్రిల్ ఆరో తేదీ, పదకొండు సెకన్లు. నాలుగు నిమిషాల పది సెకన్లు సాగవలసిన పాట ఆ సాయంత్రం వేదిక మీద మూడు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లకే ముగిసింది. తప్పెవరిదో వెతకనక్కరలేదు. రాక్ బ్యాండులో డ్రమ్ములు పరుగెత్తితే గిటార్లూ గొంతూ వాటి వెంట పడవలసిందే.

ఆ డ్రమ్ములు వాయించే మనిషిని ఇరవై రెండేళ్ళుగా అందరూ గడియారం అనే పిలుస్తున్నారు. ఆమె తండ్రి కార్ల సీట్లకు తొడుగులు వేసే పనివాడు. పదేళ్ళ వయసులో ఆయన షాపులోని పాత సీట్లను వరుసగా పేర్చి, రెండు చెక్కసుత్తులతో వాయించడమే ఆమె తొలి సాధన. పంతొమ్మిదో ఏట బ్యాండులో చేరింది. ఇప్పటికీ పగలంతా ఆ షాపులోనే తోలు లాగి మేకులు కొడుతుంది. సాయంత్రం ఆరయ్యేసరికి డ్రమ్ముల ముందు ఉంటుంది. వేలికి ఏడు కుట్లు పడిన వారంలో కూడా ఆ స్టూలు ఖాళీగా లేదు.

"గడియారానికి కీ ఎక్కువ తిప్పారెవరో," అన్నాడు పాటగాడు, రికార్డింగు వినిపించి. నవ్వలేదు. "వచ్చే నెల పెద్ద హాల్లో ప్రోగ్రాం. అప్పటికి కుదుటపడకపోతే వేరే అతన్ని చూడాల్సొస్తుంది. ఏమనుకోకు."

"అనుకోవడానికేముంది? స్టూలు ఖాళీ అయినప్పుడు చూసుకుందురు."

ఆ రోజు నుంచి ఆమె ప్రతి సాధననూ ఫోనులో రికార్డు చేసి, పాటను ముక్కలుగా విడగొట్టి కొలిచింది. పన్నెండు రోజులకు లెక్క తేలింది. రెండో చరణం చివరి పొడవాటి దరువు వరకూ తేడా లేదు. అక్కడ మొదలైన పరుగు ఇక తగ్గడం లేదు. ఎక్కడో తెలిసింది గానీ ఎందుకో అంతుచిక్కలేదు.

అత్తగారు ప్రసవాల వార్డులో ముప్పై ఆరేళ్ళు నర్సుగా చేసి రిటైరయిన మనిషి. ఆ ఆదివారం బట్టలు మడతపెడుతూ, సోఫా దిండ్ల మీద అదే దరువు వేస్తున్న కోడలిని చూసింది.

"అమ్మాయ్, ఊపిరెందుకు బిగబడుతున్నావ్?"

"లేదే, అత్తయ్యా."

"నాకా చెప్తావ్? బిగబట్టేవాళ్ళని వీపు చూసి పట్టేస్తాను. ఊపిరి ఆపితే, ఎప్పుడయిపోతుందా అని కంగారు పుడుతుంది. కాన్పులోనైనా నీ డ్రమ్ముల్లోనైనా అంతే."

"మరేం చేయమంటారు?"

"మాట్లాడుతూ వాయించు. చెప్పు, మీ ఆయన ఈ నెల ఏమేం మర్చిపోయాడు?"

"గొడుగు... తాళం... నా పుట్టినరోజు..."

"ఆపకు. అంత చిన్న జాబితా కాదుగా."

"నేనిక్కడే ఉన్నాను," అన్నాడు పక్కగదిలోంచి భర్త.

మిగిలిన పదహారు రోజులూ ఆమె పట్టు సడలించలేదు. మొదట్లో మాట సాగితే చేయి తడబడేది, చేయి కుదిరితే నోరు మూతపడేది. షాపులో మేకులు కొడుతున్నప్పుడూ పెదవులు కదిలేవి. పక్క మిషను మీద కుట్టే ఆవిడ "మంత్రమా?" అని అడిగితే, "మా ఆయన మతిమరుపు," అంది.

మే ఆరున హాలు నిండింది. రెండో చరణం ముగిసి దరువు అందుకోగానే ఆమె పెదవులు కదిలాయి: గొడుగు, తాళం, పుట్టినరోజు. పాట నాలుగు నిమిషాల తొమ్మిది సెకన్లకు పూర్తయింది. పాటగాడు ఫోను తిప్పి ఆమెకు ఆ అంకె చూపించి, నీళ్ళసీసా అందించాడు. వేరే అతని ఊసు మళ్ళీ రాలేదు.

మరుసటి వారం సాధన గదిలో, రాబోయే ప్రోగ్రాం పాటల జాబితా కింద ఆమె పెన్నుతో ఇంకొకటి చేర్చింది. అది ఆరు నిమిషాల పాట. పొడవాటి దరువులు మూడున్నాయి.

"దీన్లో పద్నాలుగు సెకన్లు మింగుతున్నావ్. నేను కొలిచాను," అన్నాడు పాటగాడు.

"నేనూ కొలిచాను," అంటూ ఆమె కర్రలు చేతికి తీసుకుంది. "మొదలుపెట్టు."