టీసీ వచ్చేదాకా

హైమావతి రైల్వే ఆఫీసులో ముప్పై మూడేళ్లు సర్వీసు రిజిస్టర్లు రాసి రిటైరైంది. పుట్టింది రాజమండ్రి వైపే అయినా నాచారంలో ఇల్లు కట్టుకుని పాతికేళ్లు దాటింది. కాలనీలో ఎవరి పింఛను ఆగినా, ఆధార్‌లో పేరు తప్పు పడినా ఆమె గుమ్మమే ఎక్కేవారు. కాగితం సరిగ్గా ఉంటే మనల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరని ఆమె గట్టి నమ్మకం.

ఆ సెప్టెంబరులో మున్నేరు పొంగి ఖమ్మంలో ఏటి ఒడ్డు బస్తీలు మునిగాయి. అక్కడుండే మొగిలయ్య ఇల్లు గోడలతో సహా పోయింది. భార్య కామాక్షినీ ఇద్దరు ఆడపిల్లలనూ తీసుకుని నాచారం పక్కనున్న మల్లాపూర్ వచ్చి, ఒక రేకుల గదిలో దిగి, ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో పనికి కుదిరాడు. కామాక్షి హైమావతి ఇంట్లో పనికి చేరింది.

పెద్దపిల్ల గౌతమి తల్లి వెంట వచ్చి వరండాలో కూర్చునేది. ఒకరోజు పాత క్యాలెండరు వెనక లెక్కలు చేసుకుంటూ కనబడింది.

"ఏ క్లాసమ్మా?"

"తొమ్మిది. ఎనిమిదిల నేనే ఫస్టు. పుస్తకాలన్నీ ఏట్ల వోయినయ్ అమ్మా."

మర్నాడే హైమావతి మొగిలయ్యనూ పిల్లలనూ బడికి తీసుకెళ్లింది. హెడ్మిస్ట్రెస్ బిందుమాధవి చిన్నపిల్లను అప్పటికప్పుడే మూడో తరగతిలో కూర్చోబెట్టింది. గౌతమి దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"ఎనిమిది దాకా పాత బడి టీసీ లేకున్నా తీసుకుంటం మేడం. తొమ్మిదికి ఉండాలె. నా మాట విని ఎనిమిదిల చేర్పించండి, రేపటి నుంచే వస్తది. బడికి దూరమైన ఆడపిల్లలు మళ్లా రారు, మస్తు మందిని చూసిన."

హైమావతికి రోషం వచ్చింది. "ఫస్టొచ్చిన పిల్లని చదివిన క్లాసులోనే మళ్లీ కూర్చోబెడతారా? పది రోజుల్లో టీసీ తెచ్చి మీ చేతిలో పెడతాను."

బయటికొచ్చాక మొగిలయ్య నసిగాడు. "ఎనిమిదైతే ఏందమ్మా, ఏదో ఒకటి. పిల్ల ఇంట్ల కూసుంటే మాకు ఫికరు."

"వరద ఇల్లు తీసుకుపోయింది చాలదా మొగిలయ్యా? పిల్ల ఏడాది కూడా మనమే ఇచ్చెయ్యాలా?"

చదువుకున్న మనిషి చెబుతోంది కదా అని అతను ఊరుకున్నాడు.

హైమావతి ఉప్పల్ రింగు రోడ్డు మీదుగా ఎల్బీనగర్ చేరి ఖమ్మం బస్సెక్కింది. అక్కడ గౌతమి చదివిన బడిలో తడిసిన రిజిస్టర్లు ఎండకు ఆరేశారు. పేజీలు అట్ట కట్టేశాయి. మళ్లీ రమ్మన్నారు. రెండోసారి వెళ్తే హెడ్మాస్టరు బదిలీ అయ్యాడు, కొత్తాయన ఇంకా రాలేదు. నవంబరులో మూడోసారి వెళ్తే టీసీ సిద్ధంగానే ఉంది. కానీ పుట్టిన తేదీ ఆధార్‌తో కలవలేదు, నెల తేడా.

"ఏం కాదమ్మా, తీస్కపోండి" అన్నాడు గుమాస్తా.

"తప్పు కాగితం నేను తీసుకోను. దిద్ది ఇవ్వండి" అంది హైమావతి.

దిద్దడానికి మరో రెండు నెలలు పట్టింది. మొదట్లో రోజూ వచ్చి పాఠాలు చెప్పించుకున్న గౌతమి ఈలోగా రావడం మానేసింది. అడిగితే "ఒంట్ల బాగలేదమ్మా" అని కామాక్షి తల దించుకుని గిన్నెలు తోమేది.

జనవరిలో టీసీ చేతికొచ్చింది. బడి మానడానికి కారణం అన్న గడిలో 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని రాసి ఉంది. వరద మాటే లేదు. హైమావతి బస్సు దిగి నేరుగా మల్లాపూర్ వెళ్లింది. గది ముందు ఆడుకుంటున్న చిన్నపిల్ల "అక్క కంపెనీకి వోయింది" అని వీధి చివరి షెడ్డు చూపించింది.

గౌతమి మందు సీసాలకు లేబుళ్లు అంటిస్తోంది. పక్క బల్ల దగ్గర కామాక్షి బంధువు ఒకామె ఉంది.

"టీసీ వచ్చిందే! రేపే బడికి వెళ్దాం" అంది హైమావతి.

గౌతమి జిగురు చేతులు లంగాకు తుడుచుకుని కాగితం అందుకుంది. పైనుంచి కిందిదాకా చదివింది.

"తొమ్మిది అయిపోవచ్చింది కదమ్మా. నాకేం రాదిప్పుడు. ఒక్కదాన్నే గదిల ఉంటే అమ్మ భయపడ్డది. ఈడ నలుగురి నడుమ ఉంటనని పంపింది." కాగితం మడతపెడుతూ, "గా రోజు ఎనిమిదిల కూసుంటే అయిపోతుండె" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే హైమావతికి కాస్త తేలికగా ఉండేది.

గౌతమి కాగితం తిరిగి ఇచ్చేసింది. "మీ తాననే ఉంచుండ్రి అమ్మా. మా గది కురుస్తది."

జూన్‌లో బిందుమాధవి తనే కబురు పంపింది, గౌతమిని తొమ్మిదిలో చేర్చుకుంటానని. అప్పటికి కామాక్షి పని మానేసి నెలయింది. హైమావతి మల్లాపూర్ వెళ్తే ఆ గదిలో వేరేవాళ్లు ఉన్నారు. చెంగిచెర్ల దిక్కు పోయిన్రన్నారు. ఏ వీధో చెప్పలేకపోయారు. రెండు రోజులు ఆమె అక్కడి కొత్త కాలనీలన్నీ తిరిగింది. మూడో రోజు మోకాళ్లు సహకరించలేదు.

రావడం లేదని ఆగస్టులో బడి రిజిస్టరులోంచి చిన్నపిల్ల పేరు కొట్టేశారు. ఇంకో బడిలో చేరడానికి ఆ పిల్లకు ఏ కాగితమూ అక్కర్లేదు. చేరిందో లేదో చెప్పేవారు మాత్రం ఎవరూ లేరు.