పక్కింటి జెండా

మూడో తరగతితో నా చదువు ఆగిపోయింది. అమెరికా ఎక్కడుందో, కెనడా ఎక్కడుందో పటంలో చూపించమంటే చూపించలేను. ఆ రెండు దేశాల ఆడవాళ్ళు ఒకరి వెనకాల ఒకరు ఏమనుకుంటారో అడిగితే మాత్రం పూటంతా కూర్చుని చెప్పగలను. సౌదీలోని అభాలో, కొండ మీద, విదేశీ ఉద్యోగులుండే ఒక ప్రహరీ లోపల రెండిళ్ళలో పని చేస్తున్నాను. పొద్దున ఒక ఇల్లు, మధ్యాహ్నం నుంచి దాని పక్కిల్లు. మధ్యలో ఒకటే గోడ. ఇవతల ఉన్నావిడ అమెరికా, అవతల ఉన్నావిడ కెనడా. ఇద్దరి మొగుళ్ళూ ఒకే కాలేజీలో పాఠాలు చెబుతారు. మనసులో ఒకావిడను అమెరికమ్మ అనీ, ఇంకొకావిడను కెనడమ్మ అనీ పిలుచుకుంటాను. పైకి ఇద్దరూ మేడమ్‌లే.

చేరిన కొత్తలో నాకు తేడా తెలియలేదు. ఇద్దరిదీ ఒకే రంగు, ఒకే రకం మాట, ఫ్రిజ్‌లో ఒకే రకం జున్ను. ఒకరోజు కెనడమ్మతో, నాకొచ్చిన వంటింటి ఇంగ్లీషులో, "మీ అమెరికావాళ్ళు కారం తినరు కదా మేడమ్" అన్నాను. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"సారీ, నేను అమెరికన్ కాదు" అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వుకు పాలు విరిగిపోతాయి.

ఇవతలింటికొచ్చి ఆ మాట చెబితే అమెరికమ్మ సోఫాలో పడి నవ్వింది. "ఏంటి తేడా? వాళ్ళు మా మేడమీద అద్దెకున్నవాళ్ళ లాంటోళ్ళు. మంచోళ్ళే పాపం. చప్పుడు చెయ్యరు" అంది.

అప్పటి నుంచి గమనిస్తూనే ఉన్నాను. కెనడమ్మను ఏ దేశమని ఎవరైనా అడిగితే కెనడా అని మొదట చెప్పదు, అమెరికా కాదని చెబుతుంది. ఎవరూ అనకపోయినా ముందే కాదంటుంది. టీవీలో చూసేవి అమెరికా బొమ్మలే, పిల్లలు చదివేది అమెరికా పుస్తకాలే, తెప్పించుకునే సామానూ అక్కడిదే. తిట్టడం కూడా అమెరికానే. అమెరికమ్మ సంగతి వేరు. ఆవిడకు కెనడా అనేది ఒకటుందని పక్కింటామె కనబడినప్పుడే గుర్తొస్తుంది. ఒకావిడ తెల్లారి లేస్తే తలుచుకునేది రెండో ఆవిడనే. ఆ రెండో ఆవిడకు తలుచుకునే తీరికే లేదు. నాకైతే రెండూ జబ్బులే.

చలికాలంలో అభా కొండల మీదికి మంచు దిగుతుంది. అమెరికమ్మ రెండు కోట్లు తొడుక్కుని వణుకుతుంది. కెనడమ్మ పొట్టి చేతుల చొక్కాతో బయట నిలబడి, "ఇదొక చలా? మా ఊళ్ళో అయితే..." అంటుంది. అంటూ లోపలికొచ్చి తుమ్ముతుంది. తుమ్మి తుమ్మి, అమెరికమ్మకు చెప్పొద్దని ఒట్టేయించుకుని, నా చేత మిరియాల చారు పెట్టించుకుని తాగుతుంది.

పొదుపులోనూ అంతే. అమెరికమ్మ సగం రొట్టె చెత్తబుట్టలో వేస్తుంది, వేశానన్న సంగతి కూడా ఆవిడకు తెలియదు. కెనడమ్మ ప్లాస్టిక్ సంచులు కడిగి ఆరబెట్టి భూమిని కాపాడుతున్నానంటుంది. బయట ఎండ మండిపోతుంటే బట్టలు మాత్రం కరెంటు పెట్టెలో ఆరబెడుతుంది. ఇద్దరిళ్ళలోనూ సబ్బుముక్కలు ఏరి ముద్దచేసి వాడేది నేనొక్కదాన్నే.

ఒక ఎండాకాలం సెలవులకు అమెరికమ్మ వాళ్ళు పిరమిడ్లు చూడడానికి పోతుంటే, ఆవిడ ఎర్ర ఆకు బొమ్మ ఉన్న గుడ్డముక్క ఒకటి నా చేతికిచ్చి సంచికి కుట్టమంది. ఆ ఆకు నాకు తెలుసు. కెనడమ్మ ఇంట్లో తలుపుకూ, కప్పుకూ, కుక్కపిల్ల బొమ్మ మెడకూ అదే.

"ఇది పక్కింటి మేడమ్ జెండా కదా?" అన్నాను.

"అవును. పరాయి దేశంలో మాది అమెరికా అని చెబితే ధర రెట్టింపు చేస్తారు, ముఖం మాడుస్తారు. ఈ ఆకును చూస్తే ఎవరూ ఏమీ అనరు. మా ఊళ్ళో చాలామంది ఇట్లాగే చేస్తారు" అని కన్నుగీటింది. ఎంత పెద్ద దేశమని చెప్పుకుంటుందో, ఊరు దాటితే పక్కవాళ్ళ జెండా చాటున నడవాలి! నాకెందుకులే అని గట్టి దారంతో కుట్టి ఇచ్చాను.

అప్పటికే మా చిన్నకూతురు కడుపుతో ఉంది. తొలికాన్పు. మా కడప వైపు తొలికాన్పు పుట్టింటి బాధ్యత. పుట్టిల్లంటే నేనే, వాళ్ళ నాయన పోయి చాలా ఏళ్ళయింది. పిల్ల అత్త మంచాన ఉంది. అక్టోబరు నడుమ కాన్పు అన్నారు. అక్టోబరు మొదట్లో పోయి, బిడ్డకు మెడ నిలిచేదాకా ఉండి, నవంబరు దాటాక తిరిగి రావాలి. నేను పోకపోతే ఆ పిల్ల పక్కన కూర్చునే ఆడమనిషి లేదు.

సెలవు మీద పోయి తిరిగి రావాలంటే ఖురూజ్, అంటే దేశం దాటే అనుమతి, కావాలి. ఈ రోజుల్లో దాన్ని కఫీల్, అంటే మా వీసా యజమాని, ఫోనులోనే నొక్కి ఇస్తాడు. ఆ ఇళ్ళన్నీ మా కఫీల్‌వే, నన్ను ఆ రెండిళ్ళకూ పెట్టిందీ అతనే. పెద్దదాన్నని నన్ను హజ్జా అంటాడు. అడిగితే, "ఇద్దరు మేడమ్‌లూ సరే అనాలి హజ్జా. ఒకరు అన్నా, ఇంకొకరు అనకపోయినా నొక్కను. నాకెందుకు వాళ్ళ గొడవ?" అన్నాడు.

నేను వెళ్ళి అమెరికమ్మను అడిగాను. గుండెల మీద చెయ్యేసుకుని, "అయ్యో, తప్పకుండా పో. అయితే నవంబరు చివర మా థాంక్స్ గివింగ్‌కు మాత్రం ఉండాలి. ఇంటినిండా జనం వస్తారు. కెనడావాళ్ళది అక్టోబరులోనట, అదొక పండగా? మమ్మల్ని చూసి పెట్టుకున్నారు. ఆవిడను మానుకోమను" అంది.

కెనడమ్మ దగ్గరికి పోయాను. "సారీ, నీ కష్టం నాకు అర్థమవుతుంది. నాకేం అభ్యంతరం లేదు. కానీ అక్టోబరులో మా థాంక్స్ గివింగ్. అసలు ముందు మొదలుపెట్టింది మేమే. ఆవిడది ఆలస్యపు పండగ. ఆవిడనే సర్దుకోమను, సారీ" అంది.

రెండిళ్ళలోనూ నాకు అభ్యంతరం లేదన్నారు. రెండిళ్ళలోనూ సెలవు లేదు.

మా కాంపౌండు బండి తోలే అతనిది నిజామాబాదు పక్క పల్లె. కూరగాయలకు పోతూ బండిలో అతనితో చెప్పుకుని ఏడ్చినంత పని చేశాను.

"గీ తెల్లోల్ల లొల్లి ఏందే పెద్దమ్మా?" అన్నాడు. "ఒగలంటె ఒగలకు పడది, మల్ల పొద్దుగాల్ల లేస్తె ఒగల ముచ్చటే ఒగలకు. అచ్చం మీ సీమోల్లు, మా తెలంగాణోల్ల లెక్క."

"మా సీమను ఎందుకబ్బా మధ్యలోకి లాగుతాండావు? బండి తోలు."

"సూసినవా? కెనడమ్మ లెక్కనే ఉలికిపడ్డవ్!"

"నేనేం ఉలికిపడ్లేదు. నువ్వు రోడ్డు చూడు, కోతులడ్డం వస్తాండాయి."

కొట్లో అరబ్బాయన మా ఇద్దరినీ చూసి ఎప్పటిలాగే, "ఏం హిందీ, ఈ రోజు టమాటా కావాలా?" అన్నాడు. అతనికి ఇండియావాళ్ళంతా హిందీలే. ఇద్దరం సంచి పట్టాం. అంతేగానీ వంట మానేసి పోట్లాడుకోలేదు.

తిరిగొస్తుంటే నాకొక ఆలోచన వచ్చింది. వాళ్ళ పండగకు తిథి లేదు, నక్షత్రం లేదు. ఒకరిది సోమవారం, ఇంకొకరిది గురువారం. వారం చూసి చేసుకునే పండగను ఏ వారమైతేనేం? ఇద్దరితోనూ చెప్పాను. సెప్టెంబరు చివరి శుక్రవారం ఇద్దరిదీ కలిపి ఒకటే చేద్దాం, ఎంతమందొచ్చినా వండి పెడతాను, ఆ తర్వాత నన్ను పోనివ్వండి అని. ఇంత చిన్న సంగతి వాళ్ళకు తోచలేదు. సరేనన్నారు గానీ, ఎవరింట్లో చెయ్యాలని పది రోజులు, గెనుసుగడ్డల మీద తెల్లటి చక్కెర బెండుముక్కలు పెట్టి కాల్చడమా వద్దా అని ఇంకో పది రోజులు కొట్టుకున్నారు. అమెరికమ్మ కావాలంది. "అది కూరా, పుట్టినరోజు మిఠాయా?" అంది కెనడమ్మ. చివరికి సగం గిన్నెకు బెండు పెట్టాను, సగం గిన్నెకు పెట్టలేదు.

శుక్రవారం వచ్చింది. అమెరికమ్మ ఇల్లు పెద్దది కాబట్టి అక్కడే భోజనాలు. టర్కీ కోడి పొద్దున్నించీ ఓవెన్లో కాలుతోంది. పొట్టేలు పిల్లంత ఉంది. కాలేజీవాళ్ళు నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు. వాళ్ళ ఆచారం ప్రకారం కోడిని కొయ్యకుండా అట్లాగే బల్ల మీద పెట్టాలి, ఇంటాయన అందరి ముందూ కోసి వడ్డించాలి. ఇక్కడ ఇంటాయనలు ఇద్దరు. "మీరు కొయ్యండి", "లేదు, సారీ, మీరే కొయ్యండి" అని ఒకరి చేతిలోకి ఒకరు కత్తి తోసుకుంటున్నారు. కోడి చల్లారిపోతుందని నేను చూస్తున్నాను.

కెనడమ్మ గుమ్మడికాయ తీపి రొట్టె పట్టుకుని లోపలికొచ్చింది. వాకిట్లో కొక్కేనికి అమెరికమ్మ సంచి వేలాడుతోంది. ఆకు బయటికి తిరిగి ఉంది.

"ఇదెవరిది?" అంది.

"నాదే. ప్రయాణాలకు" అని అమెరికమ్మ నవ్వింది. "దాంతో బేరాలు బాగా తెగుతాయి తెలుసా?"

కెనడమ్మ రొట్టెను బల్ల మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకు గ్లాసులు కదిలాయి. "సారీ, అది మా జెండా. నీ వానకోటు కాదు."

"అబ్బా, గుడ్డముక్కకు ఇంత రాద్ధాంతమా? రేపు మీ మీదికెవరైనా వస్తే కాపాడేది మేమే కదా?"

"మీరు లేకపోతే మా మీదికెవరూ రారు!"

కాలేజీవాళ్ళు ప్లేట్ల వైపు చూస్తూ కూర్చున్నారు. మొగుళ్ళిద్దరూ ఒకేసారి గొంతు సవరించుకున్నారు. కెనడమ్మ సంచిని తిప్పి చూసి, "ఇది ఎవరు కుట్టారు?" అంది.

"నేను" అన్నాను.

"నీకు తెలియదా మా జెండా అని?"

"తెలుసు మేడమ్. సంచి ఆమెది, గుడ్డ ఆమెది, కుట్టమన్నదీ ఆమె."

"అయితే నీ సెలవు సంగతి కూడా ఆమెనే అడుగు. అక్టోబరులో మా పండగ మేం చేసుకుంటాం. నువ్వు రావాలి."

"చూశారా, సారీల వెనకాల ఏముందో!" అంది అమెరికమ్మ. "అయితే నవంబరులో మాదీ ఉంటుంది. నేనూ వదలను."

నా కూతురు కళ్ళ ముందు కనబడింది. ఒంటరిగా, ఆసుపత్రి వరండాలో. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. అమెరికమ్మ మొగుడి చేతిలోని కత్తి తీసుకున్నాను. కోడి ఉన్న పళ్ళెం ఎత్తి వంటింట్లోకి పట్టుకుపోయి గట్టు మీద పెట్టి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇద్దరూ ఇట్లా రండి. కఫీల్‌తో సరే అని చెప్పండి. అప్పుడు కోడి బయటికొస్తుంది" అన్నాను. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. కత్తి చేతిలో ఉంది కాబట్టి మొత్తం అర్థమయింది.

వచ్చారు. వచ్చి మళ్ళీ అదే పంతం. ముందు చెప్పినామె ఓడినట్టట. "ఆవిడ చెప్పనీ" అంటే "ఆవిడే చెప్పనీ" అని. చదువులు చదివి, దేశాలు తిరిగి, పిల్లల్ని కన్నవాళ్ళు! నేనే నా ఫోనులో కఫీల్ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఇద్దరి మధ్య గట్టు మీద పెట్టాను.

"హజ్జా సెలవు. మేడమ్‌లు చెబుతారు" అన్నాను.

ఇద్దరూ ఒకేసారి హలో అన్నారు. కఫీల్‌కు ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. అతనికొచ్చిన రెండు ముక్కల ఇంగ్లీషులో, "ఇద్దరు అమెరికా మేడమ్‌లూ ఓకేనా?" అన్నాడు.

అమెరికమ్మ "ఓకే" అనేసింది.

కెనడమ్మ నోరు తెరిచింది. ఏమనబోతుందో నాకు తెలుసు. పాలవాడితో అంటుంది, చెత్తబండివాడితో అంటుంది. ఆ ఒక్క మాట అంటే కఫీల్‌కు తికమక, అమెరికమ్మకు నవ్వు, మళ్ళీ మొదటి నుంచీ గొడవ. అతను ఫోను పెట్టేస్తే ఆ పూట మళ్ళీ ఎత్తడు. నేను ఆమెనే చూశాను. బతిమాలలేదు. ఆమె మెడ మీద నరం లేచింది. బయట పిల్లలు ఆకలని బల్ల కొడుతున్నారు.

"ఓకే" అంది కెనడమ్మ. సారీ కూడా చేర్చలేదు.

"తయ్యిబ్, ఖలాస్" అన్నాడు కఫీల్. కాసేపటికి నా ఫోను టింగుమంది. ఖురూజ్ వచ్చేసింది. అప్పుడు కోడిని నేనే కోశాను. ఇంటాయనలిద్దరూ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డారు. బల్లకు ఒక కొసన ఒకావిడ, ఇంకో కొసన ఇంకొకావిడ కూర్చుని, ఉప్పు కావాలన్నా నన్నే అడిగారు.

కడపలో దిగిన కొద్దిరోజులకే, చెప్పిన తేదీకన్నా ముందే, పిల్లకు నొప్పులొచ్చాయి. రాత్రి బండి మాట్లాడిందీ నేనే, నడుము పట్టిందీ నేనే. ఆడబిడ్డ. నేను ఆ పూట అభాలో గిన్నెలు తోముతూ ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నాకిష్టం లేదు.

పురిటిస్నానం అయినరోజు ఫోనులో రెండు వాయిస్ మెసేజీలొచ్చాయి. అమెరికమ్మ అరుస్తూ శుభాకాంక్షలు చెప్పి, ఆ రోజు ముందు ఓకే అన్నది తానేనని గుర్తుచేసింది. కెనడమ్మ సారీతో మొదలుపెట్టి, తను గొప్ప చెప్పుకునే మనిషిని కాననీ, అయినా ఆ రోజు తను నోరు మూసుకోబట్టే నేను పోగలిగాననీ చెప్పింది. ఆవిడ చెప్పిందే నిజం. అయినా అంత పొడుగు చెప్పక్కర్లేదు.

"ఎవురుమా వాళ్ళు?" అంది మంచం మీంచి నా కూతురు.

"పని చేసే ఇండ్లోళ్ళు. తర్వాత వింటాలే. బిడ్డను ఇట్లా ఇయ్యి, నీళ్ళు చల్లారిపోతాండాయి."