ఖాకీ చొక్కా మీద జంట గీత

మొన్న నల్లగొండలో కంటి పరీక్ష చేయించుకుని తిరుమలగిరికి తిరిగి వస్తూ, బస్సు మారడానికి నార్కట్‌పల్లి చౌరస్తాలో దిగి నిలబడ్డాను. ఎండ మాడుస్తోంది. రోడ్డు మధ్యలో ఒక ఆడ కానిస్టేబుల్, పాతికేళ్లు కూడా నిండి ఉండవు, లారీలను ఆపుతూ ఆటోలను వదులుతూ తీరిక లేకుండా చేతులాడిస్తోంది. గంట కిందట గోడ మీది అక్షరాల పట్టికలో కింది రెండు వరసలు చదవలేక డాక్టరు చేత చీవాట్లు తిన్న నా కళ్లకు, ఆ పిల్ల చొక్కా ఎడమ చేతి మీద ఇస్త్రీ గీత ఒకటి కాదు, రెండున్నాయని మాత్రం ఇట్టే తెలిసిపోయింది. పాత గీత మీద కొత్త గీత సరిగ్గా కూర్చోకపోతే పక్కపక్కనే రెండు గీతలు పడతాయి. మా ఇంట్లో దాన్ని జంట గీత అనేవాళ్లం. మన ఈడు మగవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరుంటారో గానీ, నాకైతే అరవై రెండేళ్లు వచ్చేదాకా తెలియదు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే నేను బడిపంతులు ఉద్యోగం నుంచి దిగిపోయాను. అప్పట్లో తిరుమలగిరిలో మా ఇంట్లో ఏడుగురం ఉండేవాళ్లం. మంచం పట్టిన మా అమ్మ, నేను, మా ఇంటావిడ, ఎరువుల దుకాణం నడిపే కొడుకు, కోడలు, బడికి పోయే ఇద్దరు మనవళ్లు. ఏడుగురి బట్టలంటే ఏడు జతలని లెక్కవేసేవాడికి ఇల్లు తెలియదన్నమాట. మా అమ్మ పక్కబట్టలు రోజుకు రెండుసార్లు మార్చవలసి వచ్చేది. కొడుకు ప్యాంట్లు పురుగుమందు వాసన కొట్టేవి కాబట్టి వాటిని వేరే తొట్టిలో నానబెట్టాలి. పిల్లలకు మామూలు రోజుల్లో ఒక రంగు యూనిఫాం, శనివారం తెల్లది, ఆ తెల్లదాని మీదే వాళ్లు మట్టిలో పొర్లాలి. ఇవన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి అమ్మయ్య అనుకునేసరికి స్నానాల గది తలుపు వెనక మళ్లీ ఒక కుప్ప. ఇల్లలకగానే పండగ కాదంటారు, మా ఇంట్లో ఇల్లలకడం కూడా ఎన్నడూ పూర్తి కాలేదు.

తరాలుగా మా ఇంటి బట్టలు ఉతికిపెట్టిన కుటుంబంలో పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లారు, ఆ పని మానుకున్నారు. మానుకున్నందుకు మొదట్లో అందరితోపాటు నేనూ సణిగాను, ఆ సణుగుడు తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆపైన మా కొడుకు ఉతికే యంత్రం తెచ్చాడు. మన బోరు నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు, సబ్బు అరిగేది గాని నురగ వచ్చేది కాదు. ఆ నీళ్లకు యంత్రం ఏడాది తిరగకుండానే మూలపడింది. మెకానిక్కు వచ్చి దాన్ని విప్పి లోపలి నుంచి దోసెడు సున్నం తీసి మా చేతిలో పోశాడు. అప్పటి నుంచి దాని మీద మడతపెట్టిన బట్టలు పెట్టుకునేవాళ్లం. మా ఇంటావిడ మళ్లీ పెరట్లో బండ దగ్గరికే చేరింది.

ఆమె గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై నాలుగేళ్లు నేను తెల్లచొక్కా, గంజిపెట్టిన ధోవతి కట్టుకుని బడికి పోయాను. ఊళ్లో నన్ను మల్లెపువ్వు సారంటే నా బుద్ధిని చూసి అంటున్నారనుకునేవాణ్ని. మొదట బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో, తర్వాత కరెంటు పెట్టెతో, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు చేతిలో పని వదిలి పరుగెత్తి ఆ మల్లెపువ్వును పూయించింది ఆమె. తన చీరలను మాత్రం తడి ఆరీ ఆరకముందే మడిచి పరుపు కింద పెట్టి పడుకునేది. పొద్దున తీస్తే అదే ఇస్త్రీ. ఇది నేను ముప్పై నాలుగేళ్లూ కళ్లారా చూశాను, కానీ చూశానని చెప్పుకోవడానికి నోరు రాదు.

కోడలు ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక చదివి, పరీక్ష రాసి, పరుగుపందెం పరుగెత్తి పోలీసు ఉద్యోగం తెచ్చుకుంది. శిక్షణ ముగిశాక మాకు దగ్గరి మండలంలోనే వేశారు. ఇంట్లో కాలు పెట్టి తొమ్మిదేళ్లయినా ఆ పిల్ల నా ముఖం చూసి నేరుగా మాట్లాడింది లేదు. మా వైపు పద్ధతి మీకు తెలుసు, నేను వసారాలోకి వస్తే తాను లోపలికి వెళ్లేది, అన్నానికి పిలవాలంటే తాతను రమ్మనమని పిల్లలతో చెప్పించేది. తన బట్టలు నా కంట పడకుండా పెరట్లో వేరే తీగ మీద, పైన ఇంకో దుప్పటి కప్పి ఆరేసుకునేది. స్టేషన్‌లో తాగుబోతులను అదిలించే మనిషి ఇంట్లో నా దగ్గు వినబడితే కొంగు సర్దుకునేది. నేనూ అది మర్యాదే అనుకుని గొంతు సవరించుకుంటూ తిరిగేవాణ్ని.

ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాది చలికాలంలో, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, మా ఇంటావిడ బండ దగ్గర జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. దవాఖానలో కట్టు వేసి నెలన్నర దాకా చెయ్యి కదపవద్దన్నారు. ఇంటి నడుము విరిగినట్టయింది. కోడలు తెల్లవారకముందే లేచి అందరి బట్టలూ పిండేది, వంట చేసేది, చలికి ఆరీ ఆరని ఖాకీ చొక్కా వేసుకుని డ్యూటీకి ఉరికేది. కొడుకు రెండు రోజులు దుప్పట్లు ఉతికాడు, మూడో రోజు దుకాణానికి సరుకు వచ్చిందన్నాడు. నేను పేపరు చదువుతూ ఇదంతా చూస్తున్నాను.

పదిహేను రోజులు గడిచాయో లేదో, నలిగిన యూనిఫాంతో, అదీ ఆలస్యంగా వచ్చిందని పైఅధికారి ఆమెకు మెమో ఇచ్చాడు. నలుగురిలో నిలబెట్టి, ఇంట్లో అద్దం లేదా అని కూడా అడిగాడట. ఇంకొక మెమో పడితే సర్వీసు పుస్తకంలో మచ్చ పడుతుందని భయం. ఆ సాయంత్రం వంటింట్లో అత్తతో ఆమె అన్న మాట వసారాలో నా చెవిన పడింది.

"నౌకరీ ఇడిసిపెడ్త అత్తమ్మా. ఇటు ఇల్లు, అటు డ్యూటీ, నాతోని కాదు."

ఏడుపు లేదు, కోపం లేదు. బాగా అలసిపోయిన మనిషి గొంతు. పిల్లలను ఒళ్లో పడుకోబెట్టుకుని ఆమె పుస్తకాలు పట్టిన రోజులు నాకు గుర్తుకొచ్చాయి. చదువు చెప్పి బతికినవాణ్ని, నా ఇంట్లో చదివి గెలిచిన పిల్ల మాసిన బట్టల కుప్పకు ఓడిపోతుంటే చూస్తూ కూర్చున్నాను గదా అనిపించింది.

మర్నాడు అందరూ వెళ్లాక స్నానాల గది తలుపు వేసుకుని బట్టలు ఉతికాను. తలుపు ఎందుకు వేసుకున్నానో మీకు చెప్పనక్కరలేదు, పక్కింటి వాళ్లు చూస్తే మల్లెపువ్వు సారు పరువేం కావాలి. మిగతావన్నీ అయ్యాక కోడలి ఖాకీ జత దగ్గర చేతులు ఆగిపోయాయి. కోడలి బట్ట మామ ముట్టడమా. మా ఇంటావిడ తలుపు తోసుకుని, కట్టు చేతితో గుమ్మంలో నిలబడి నా అవస్థ చూసింది.

"గదేం చీర గాదు సారూ, సర్కారు బట్ట," అంది. "దానికి అత్త లేదు, మామ లేడు. ఉతుకు."

కోపమొచ్చినప్పుడే ఆమె నన్ను సారూ అంటుంది. సర్కారు బట్టకు మామ లేడన్న శాస్త్రం ఏ గ్రంథంలో ఉందో తెలియదు గాని నాకు చాలా పనికొచ్చింది. ఉతికాను, ఆరేశాను, మధ్యాహ్నం ఇస్త్రీ పెట్టె తీశాను. నేను చేస్తున్నానని తెలిస్తే ఆ పిల్ల ముట్టనివ్వదు, కాబట్టి అత్తే ఎడమ చేత్తో చేసిందని చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. కోడలు నమ్మింది. నమ్మి, అయ్యో అత్తమ్మా ఎందుకింత కష్టపడతావని రోజూ ఆమె భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టేది. నాకు నడుము పట్టేసేది, కాపడం ఆమెకు దక్కేది.

ఖాకీ ఇస్త్రీ అంటే తెల్లచొక్కా ఇస్త్రీ కాదని నాకు మెల్లగా తెలిసింది. నేరుగా వేడి తగిలితే బట్ట మెరుస్తుంది, పైన తడిగుడ్డ వేయాలి. జేబు మూతల కింద ముడతలు దాక్కుంటాయి. అన్నిటికన్నా ఆ చేతి గీత నాకు లొంగలేదు. ఎంత చేసినా రెండే పడేవి. పరేడ్‌లో ఎవరో దాన్ని కూడా ఎత్తిచూపితే, కోడలు అత్తను నొప్పించకుండా, గీత జర రెండైతాంది అత్తమ్మా, ఏం కాదులే అని చెప్పిందట. ఈవిడ ఆ మాట తెచ్చి నా నెత్తిన పడేసి, ఏండ్ల తరబడి నీ అంగీలు చేసిన, గీత ఎట్ల పడ్తదో ఒక్కనాడన్న చూసినవా అని అడిగింది. చూడలేదని ఒప్పుకున్నాను.

మరో వారానికి జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని ఇంట్లో అనుకుంటున్నారు. ఆ ముందురోజు మధ్యాహ్నం పెట్టె వేడిచేసి, ఎడమ చేతి గీత మీద ప్రాణం పెట్టి నిలబడ్డాను. గుమ్మంలో బూట్ల చప్పుడైంది. తల ఎత్తితే కోడలు. ఆ రోజు తొందరగా పంపేశారట. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ కొంగు కోసం భుజం మీదికి పోయింది, అక్కడ కొంగు లేదు, ఖాకీ ఉంది. నేను ఆమె చొక్కా మీద పెట్టె ఆనించి, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా బిగుసుకుపోయాను. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు, కాలిన వాసన మాత్రం తెలిసింది.

"మామయ్యా, పెట్టె లేపుండ్రి," అంది.

తొమ్మిదేళ్లలో నా ముఖం చూసి ఆమె అన్న మొదటి మాట అది. లేపాను. చొక్కా చేతి మీద లేత గోధుమరంగు మచ్చ పడింది. ఖాకీ కాబట్టి బతికిపోయాం, తెల్లదైతే చెత్తబుట్టే. ఆమె ఒకసారి మంచం మీది అత్తవైపు, ఆ కట్టు వైపు చూసింది, ఇన్నాళ్ల సంగతంతా అర్థమైనట్టుంది. కళ్లు తుడుచుకుంటుందేమోననుకున్నాను. దగ్గరికొచ్చి పెట్టె అందుకుంది.

"గట్ల రాదు మామయ్యా. ముందుగాల చేతి కింది కుట్టు రెండు దిక్కుల కలిపి పట్టుకోవాలె. పాత గీత మీదనే పెట్టె పోవాలె. మీరు కుట్టు పట్టుండ్రి, పెట్టె నేను చూస్త."

పట్టాను. గీత ఒక్కటే పడింది. మర్నాడు ఆ చొక్కాతోనే తనిఖీకి వెళ్లింది, మచ్చ ఎవరికీ కనబడలేదు. మెమో మళ్లీ రాలేదు, ఉద్యోగం వదిలే మాట మళ్లీ వినబడలేదు.

ఆ తర్వాత రెండేళ్ల పాటు ఇస్త్రీ నా పనే. మా ఇంటావిడ చెయ్యి అతుక్కుంది గాని బండ దగ్గర పిండే బలం తిరిగి రాలేదు. అలసట ఎంతగా ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు. పడుకున్నా కళ్ల ముందు చొక్కాలే ఆరుతుండేవి. కానీ కోడలు డ్యూటీ నుంచి వచ్చాక ఒక గుడ్డ ఆమె మడిచేది, ఒకటి నేను ఇస్త్రీ చేసేవాణ్ని, స్టేషన్ సంగతులు చెప్పేది, నా బడి సంగతులు అడిగేది. చేతుల్లో పని ఉంది కాబట్టి ముఖాలు చూసుకోనక్కరలేదు, అందుకే అన్ని మాటలు వచ్చేవేమో.

మా అమ్మ పోయింది. కోడలికి నల్లగొండ బదిలీ అయితే కొడుకు దుకాణం కూడా అక్కడికే మార్చుకుని పిల్లలతో వెళ్లిపోయాడు. రోడ్డు మంచిదే, నెలకోసారి వస్తారు. మొన్న కంటి పరీక్షకు పోయినప్పుడు ఆమె డ్యూటీలో, వాడు దుకాణంలో ఉంటే కలవకుండానే తిరిగొచ్చాను. ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్లు వస్తున్నాయి, సబ్బు ముట్టుకుంటే నురగ. కరెంటు పోయే మాటే లేదు. కొత్త యంత్రం చప్పుడు లేకుండా తిరుగుతుంది, ఉతకడానికి ఇద్దరు ముసలివాళ్ల నాలుగు గుడ్డలు తప్ప ఏమీ లేవు. కోడలి యూనిఫాం అక్కడ ఇస్త్రీ దుకాణానికి పోతుంది, గీతలు సూటిగా ఉంటాయి. వచ్చినప్పుడు నాతో బాగానే మాట్లాడుతుంది, బీపీ మాత్రలు వేసుకున్నారా అని అడుగుతుంది, ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడాలో తెలియక టీవీ చూస్తాం.

చౌరస్తాలో ఆ అమ్మాయిని చూస్తున్నంతసేపూ, వాళ్లింట్లో కూడా నాలాంటి వాడొకడు కొత్తగా నేర్చుకుంటున్నాడేమో అనుకోవాలని ఆశపడ్డాను. అబద్ధమెందుకు, తెల్లవారకముందే లేచి పొయ్యి మీద అన్నం చూసుకుంటూ తానే ఇస్త్రీ చేసుకుని ఉంటుంది. బస్సు వచ్చింది, ఎక్కాను.

ఇంటికి వచ్చేసరికి మా ఇంటావిడ మంచం మీద కూర్చుని ఆరిన చీరను ఒళ్లో పెట్టుకుని మడత పెడుతోంది, పరుపు కింద పెట్టడానికి. ఖాకీలు, పిల్లల యూనిఫాంలు, కొడుకు చొక్కాలు, అన్నీ చేసిన నా చేత్తో ఈమె చీర ఒక్కటి కూడా చేయలేదన్న సంగతి ఆ క్షణంలో తట్టింది. పెట్టె తీసి, ఇలా ఇవ్వు, ఇస్త్రీ చేస్తానన్నాను. ఆమె చీరను ఇవ్వనూ లేదు, కోప్పడనూ లేదు.

"ఇప్పుడెందుకు," అంది. "ఇస్త్రీ చీర కట్టుకొని నేనెక్కడికి పోయేదున్నది?"