మంద వెనక వెలుగు

చలి మొదలవగానే ట్రంకుపెట్టె అడుగున ఉన్న నల్ల కంబళిని బయటికి తీస్తాను. ఎన్నిసార్లు ఎండలో ఆరేసినా దాని వాసన దానిదే. గొర్రె ఉన్ని, చింతగింజల గంజి, కాస్త పొగ. ఈ ఏడూ తీసి భుజాన వేసుకున్నాను. ఆ వాసన ముక్కుకు తగలగానే గుర్తొచ్చింది గొర్రెలు కాదు. అనంతపురంలో గడియార స్తంభం దగ్గరి సందులో, వేడెక్కిన కంప్యూటర్ పక్కన నిలబడి నన్ను తిట్టే షాహిదా మేడం. ఆమె నా కూతురి వయసుది. నాకు పని నేర్పిన గురువు.

అంతకు ముందు నేను సినిమా బ్యానర్లు వేసేవాణ్ణి. నా కుంచె తగలకుండా అనంతపురంలో ఏ సినిమా ఆడలేదంటే నమ్మండి. సరే, నమ్మకండి. హీరోల ముఖాలు వేసింది మా మేస్త్రీ. ముఖాల వెనక ఆకాశం మాత్రమే నాది. పొద్దుటి ఆకాశం, సాయంత్రం ఆకాశం, హీరో కోపంగా ఉంటే ఎర్ర ఆకాశం. రెండు వేల సంవత్సరం దాటి కొన్నాళ్లకు ఫ్లెక్సీలు వచ్చాయి. గుడ్డ మీద ఆకాశం అడిగేవాళ్లు లేకుండా పోయారు. కుంచెలు కడిగి చూరులో దోపి, షాహిదా మేడం గ్రాఫిక్స్ షాపు మెట్లెక్కాను.

ఆమె మొదటిరోజే తేల్చి చెప్పింది. "చూడు ఓబులన్నా, కంబళ్లు నేసేటోళ్ల సంఘం క్యాలెండర్ ఒకటి వచ్చిండాది. కాపరి బొమ్మ నేను గీసినా. దాని ఎనక చలికాలం రాత్రి నువ్వు ఏయాల. బాగా వచ్చిందా, ఈ కుర్చీ నీది. రాలేదా, ఫ్లెక్సీలు కట్టే పని ఉండాది." ఫ్లెక్సీలు కట్టడమంటే నిచ్చెన ఎక్కడం. బ్యానర్ల కాలంలో నిచ్చెన మీంచి ఒకసారి పడ్డాను. మూడంతస్తుల ఎత్తు నుంచి అని ఇంట్లో చెప్పాను. నిజానికి అది రెండో మెట్టో మూడో మెట్టో. భయం మాత్రం మూడంతస్తులదే, అది ఇప్పటికీ తగ్గలేదు. ఆ కుర్చీ నాకు కావాలి.

కుంచెకు బదులు ప్లాస్టిక్ పెన్ను, గుడ్డకు బదులు ఆమె బెంగుళూరు నుంచి తెచ్చుకున్న నల్ల పలక. చెయ్యి ఇక్కడ కదిపితే రంగు అక్కడ తెర మీద పడుతుంది. ఆమె గీసిన కాపరి తలమీదుగా నల్ల కంబళి కప్పుకుని, కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. నేను అతని వెనక నీలిరంగు రాత్రి పరిచాను. పున్నమి చంద్రుణ్ణి పెట్టాను. కింద నిండు చెరువు వేసి నీళ్లలో ఇంకో చంద్రుణ్ణి పెట్టాను. మా జిల్లా పెయింటర్లకు ఇదొక అలవాటు. సినిమా బ్యానరైనా ఎరువుల కొట్టు గోడైనా, చెరువంటూ వేస్తే అలుగు పారాల్సిందే. ఎండిన చెరువును ఎవరూ గోడకు తగిలించుకోరు.

మేడం వచ్చి నా వెనక నిలబడింది. "ఈ చెరువు యాడిది అన్నా?"

"మనదే మేడం. బుక్కరాయసముద్రం."

"ఈ ఏడు నిండిందా?"

"క్యాలెండర్లో నిండితాది మేడం."

ఆమె నవ్వలేదు. వంగి ఏదో నొక్కి బొమ్మలోని రంగులన్నీ తీసేసింది. తెర మీద తెలుపూ నలుపూ మిగిలాయి. చంద్రులిద్దరూ ఉన్నారు. చెరువుంది. కాపరి లేడు. చీకట్లో చీకటిలా కలిసిపోయాడు, కర్ర కొస ఒక్కటే కనబడుతోంది. "కాపరి యాడికి పోయినాడో పిలుచుకొని రా," అని వెళ్లి తన పని చూసుకుంది.

నేను బోర్డులు రాసేవాళ్ల ఉపాయం పట్టుకున్నాను. అక్షరం ఎత్తి కనబడాలంటే చుట్టూ తెల్లగీత కొడతాం. కంబళి చుట్టూ అలాగే కొట్టాను. "ఇప్పుడు గొర్రెలకు దర్శనమిచ్చేకి వచ్చిన దేవుడి మాదిరి ఉండాడు," అంది మేడం. చెరిపేశాను. మళ్లీ వేశాను, మళ్లీ చెరిపేశాను. వేసినదాన్ని వెనక్కి తీసుకునే జెడ్ మీట ఒకటుందని తెలిసినప్పటి నుంచి నా ఎడమచెయ్యి దాని మీదే ఉండేది. కుడిచెయ్యి వేస్తే ఎడమచెయ్యి తీసేది. సాయంత్రానికి తెర పొద్దున ఉన్నట్టే ఉండేది. కొన్నాళ్లు చూసి ఆమె స్క్రూడ్రైవర్ తెచ్చి, జెడ్ అక్షరమున్న ఆ ప్లాస్టిక్ బిళ్లను కీబోర్డు నుంచి పెకలించి తన సొరుగులో వేసుకుంది. "గుడ్డ మీద ఏసేటప్పుడు ఇది ఉండిందా నీకు? అప్పుడెట్ల ఏసినావు?"

"అప్పుడు ఆలోచించి ఏస్తాంటి మేడం."

"మల్ల ఇప్పుడు ఏమొచ్చింది?"

మర్నాడు సాయంత్రం తన స్కూటీ ఎక్కమంది. బుక్కరాయసముద్రం దాటి, వేరుశనగ పీకేసిన ఒక చేను దగ్గర ఆపింది. ఎరువు కోసం రైతు ఆ రాత్రికి తన చేలో గొర్రెల మందను నిలుపుకున్నాడు. పొద్దు అప్పుడే కుంగింది. ఆ మంద కాపరి మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏం చూసేకి వచ్చినారప్పా?" అన్నాడు.

"వెలుగు చూసేకి," అంది మేడం.

"మీ ఊర్లో కరెంటు పోయిందా ఏమి?"

మంద అవతల ఎవరో ఎండు కంపతో మంట వేశారు. గొర్రెలు కాళ్లతో లేపిన దుమ్ము, వాటి నోళ్లలోంచి వచ్చే ఆవిరి ఆ మంట వెలుతురు పట్టుకుని, నేలనుంచి మనిషి ఎత్తున పసుపుపచ్చగా వెలిగాయి. పైన ఆకాశం మామూలుగానే నల్లబడుతోంది. కాపరి మందకు ఇవతలగా నడిచాడు. నల్ల కంబళి, నల్ల మనిషి. అయినా కంబళి అంచున వేలాడే పోగులు కూడా లెక్కపెట్టేట్టు కనబడ్డాయి. అది నేనే మొదట గమనించానని తర్వాత చాలామందికి చెప్పాను. అప్పుడు నేను చూస్తున్నది స్కూటీ సీటును కొరుకుతున్న మేకపిల్లను. మేడమే నా మోచెయ్యి పట్టి ఇటు తిప్పింది. "చూసినావా?" అంది, అంతే.

ఆ తర్వాత జెడ్ లేకుండానే వేశాను. చంద్రుణ్ణి తీసేశాను, చెరువునూ తీసేశాను. మెత్తటి కుంచె పెట్టుకుని, రంగు కనబడీ కనబడనంత పలచగా, దుమ్మును పొర మీద పొరగా కాపరి వెనక ఎక్కించాను. కింద వెచ్చగా, పైకి పోయేకొద్దీ చల్లగా. మేడం రంగులు తీసి చూసింది. కాపరి ఉన్నాడు. ఆమె తల ఊపింది కానీ కుర్చీ మాట ఎత్తలేదు.

సంఘం పెద్ద ముత్యాలప్ప, బొమ్మ చూడ్డానికి వచ్చాడు. కళ్లజోడు పైకెత్తి తెరంతా వెతికాడు. "చెరువు ఏదప్పా? మాకు చెరువు కావాల."

"చెరువు పెడితే చూపు నీళ్ల మీదికి పోతాది. మీరు అమ్మేది నీళ్లా, కంబళ్లా?" అంది మేడం. ఆయన ఒప్పుకోలేదు. నిండు చెరువు లేని క్యాలెండర్ శుభం కాదన్నాడు. అప్పుడామె కుర్చీ వెనక్కి జరుపుకుని, "ఎనక ఉండేదంతా మా ఓబులన్నది. ఆయన్నే అడుగు," అంది.

ఇద్దరూ నావైపు చూశారు. పని ఇచ్చిన పార్టీ అడిగింది వేయడమే నా బతుకంతా. ఒక్క పూట పనితో ఆ చెరువును తిరిగి నింపగలను. నింపితే ఆయన సంతోషంగా పోతాడు. నింపకపోతే పని చేజారవచ్చు, దాంతోపాటు కుర్చీ కూడా. నేను తెరవైపే చూస్తూ అన్నాను. "చెరువులో నీళ్లు ల్యావు కదన్నా. ఉన్నింటే ఏసుంటాను."

ముత్యాలప్ప కళ్లజోడు దించుకుని తెర మీదికి వంగాడు. తర్వాత కంబళి అంచు బొమ్మను వేలితో ముట్టుకున్నాడు. "పోగులు బాగా కనపడతాండాయి. అచ్చేయించండి," అన్నాడు. ఆయన మెట్లు దిగాక మేడం సొరుగు లాగి, జెడ్ బిళ్ల తీసి నా పలక మీద పెట్టింది. కుర్చీ నాదని వేరే చెప్పలేదు. నేను ఆ బిళ్లను కీబోర్డులో పెట్టలేదు. జేబులో వేసుకున్నాను. క్యాలెండర్ వచ్చినప్పుడు సంఘంవాళ్లు మా ఇద్దరికీ తలా ఒక కంబళి ఇచ్చారు.

కొన్నేళ్ల తర్వాత మేడం షాపు మూసి, కుటుంబంతో బెంగుళూరు వెళ్లిపోయింది. ఆ క్యాలెండర్ జిల్లాలో ప్రతి ఇంట్లో ఉండేదని నేను చెప్పుకుంటుంటాను. ఏడాది తిరగ్గానే చాలా ఇళ్లలో దాన్ని చించి బొరుగుల పొట్లాలు కట్టారు. మొన్న శింగనమలలో బస్సు కోసం టీ బంకులో కూర్చుంటే మాత్రం ఒకటి కనబడింది. కింది నెలల కాగితాలు ఎప్పుడో పోయాయి, పై బొమ్మ మిగిలింది. ఎండకు, పొయ్యి పొగకు రంగంతా పోయి తెలుపూ నలుపూ అయింది. కాపరి ఉన్నాడు. కంబళి అంచు పోగులతో సహా ఉన్నాడు.

"ఏం తాతా, అట్ల చూస్తాండావు?" అన్నాడు బంకు అతను.

"ఆ బొమ్మ నేనే ఏసింది," అన్నాను. అతను నావైపు, నా కంబళివైపు చూశాడు. నేను టీ గ్లాసు కింద పెట్టాను. "మనిషిని ఏసింది మా మేడం. నేను ఏసింది ఎనకుండే చీకటి."

"చీకటి ఏసేకి కూడా ఒక మనిషి కావాల్నా తాతా?"

"నేర్పేకి ఇంకొకరు కూడా కావాల," అన్నాను.